రైలు టికెట్‌లో అసలెంత, కొసరెంత? సెలవుల ముందు ఇంట్లో చేయాల్సిన లెక్క



సంక్రాంతి సెలవులు దగ్గరపడుతున్నాయంటే చాలు, కొండాపూర్‌లో అపార్ట్‌మెంట్ లిఫ్టులో కలిసినా, స్కూల్ బస్ స్టాప్ దగ్గర కలిసినా ఒకటే ప్రశ్న: "టికెట్లు దొరికాయా?" దొరికాయా అన్న ఆదుర్దాలో ఎంతకు దొరికాయన్నది వెనకబడిపోతుంది. "పాస్ తీసుకుంటే చవకేమో", "ఏదో ఆఫర్ ఉందట" అన్న మాటలు మాత్రం వినిపిస్తూనే ఉంటాయి. ఈ నెల మన గణితం శీర్షికలో ఆ టికెట్‌నే పాఠంగా తీసుకుందాం. 6 నుంచి 10వ తరగతి దాకా పిల్లలెవరైనా మీ పక్కన కూర్చుని చేయగలిగిన లెక్కలే ఇవి.

ముందుగా మా తరగతిలో జరిగిన ఒక సంగతి. 2025 దీపావళికి ముందు రైల్వే శాఖ రాకపోకలకు కలిపి టికెట్ తీసుకుంటే 20 శాతం తగ్గింపు అని ప్రకటించింది. శాతాల పాఠం చెబుతుంటే ఒక అబ్బాయి లేచి అడిగాడు: "మేడం, మా నలుగురికీ రానూపోనూ 3,200 రూపాయలు అవుతుందట. అంటే మాకు 640 రూపాయలు మిగులుతుంది కదా?" తరగతి మొత్తం "అవును" అంది. గుణకారం తప్పు కాదు. కానీ వాళ్లకు మిగిలేది 640 కాదు, 280. మిగతా 360 ఎక్కడికి పోయిందన్నదే ఈ పాఠం.

మొదటి ప్రశ్న: 20 శాతం సరే, దేని మీద?

ఆ పథకంలో తగ్గింపు తిరుగు ప్రయాణానికి మాత్రమే. అదీ టికెట్ మొత్తం మీద కాదు, బేస్ ఫేర్ మీద, అంటే మూల ఛార్జీ మీద.

స్లీపర్ టికెట్ 400 రూపాయలు అనుకుందాం (లెక్క తేలిగ్గా ఉండడానికి తీసుకున్న అంకె ఇది). అందులో రిజర్వేషన్ ఛార్జీ 20, సూపర్‌ఫాస్ట్ ఛార్జీ 30. ఈ రెండూ పోతే మూల ఛార్జీ 350.

వెళ్లేటప్పుడు తగ్గింపు: 0
వచ్చేటప్పుడు తగ్గింపు: 350లో 20 శాతం = 70
ఒక మనిషికి రానూపోనూ ఖర్చు: 800
అసలు తగ్గింపు: 800కి 70, అంటే 8.75 శాతం

నలుగురికి 280 రూపాయలు. ప్రకటనలోని 20, మన జేబు దగ్గరికి వచ్చేసరికి 8.75 అయింది. ఇందులో మోసమేమీ లేదు. షరతులన్నీ ప్రకటనలోనే ఉన్నాయి. మనమే పెద్ద అక్షరాల దగ్గర ఆగిపోయాం. 'శాతం' అన్న మాట వినగానే 'దేనిలో?' అని అడగడం పిల్లలకు అలవాటైతే, రేపు బ్యాంకు వడ్డీ దగ్గరైనా, షాపింగ్ యాప్‌లోనైనా అదే వాళ్లను కాపాడుతుంది.

రెండో ప్రశ్న: ఆ తేదీలు మనవేనా?

ఆ పథకంలో వెళ్లే ప్రయాణం 2025 అక్టోబరు 13 నుంచి 26 లోపు ఉండాలి. తిరుగు ప్రయాణం నవంబరు 17 నుంచి డిసెంబరు 1 లోపు ఉండాలి. క్యాలెండర్ తీసి పిల్లలతో లెక్క పెట్టించండి. అక్టోబరు 26న వెళ్లి నవంబరు 17నే బయలుదేరినా మధ్యలో 22 రోజులు. దీపావళి అక్టోబరు 20న. పండక్కి నాలుగు రోజులు అమ్మమ్మగారింటికి వెళ్లి వచ్చే కుటుంబానికి ఈ తగ్గింపు ఏ విధంగానూ వర్తించదు.

అలాగని పథకం చెడ్డదని కాదు. పండగ రద్దీని చెదరగొట్టడం, తిరిగి వచ్చేటప్పుడు కాస్త ఖాళీగా ఉండే రోజులకు ప్రయాణికులను మళ్లించడం దాని ఉద్దేశం. ఊళ్లో నెల రోజులు ఉండగలిగే తాతయ్య, నాయనమ్మలకు అది చక్కగా పనికొస్తుంది. బడి, ఆఫీసు ఉన్న మనకు పనికిరాదు. ఏ తగ్గింపు అయినా ఎవరో ఒకరి ప్రయాణానికి తగ్గట్టు కుట్టిన చొక్కాయే. అది మన కొలతో కాదో చూసుకోవాలి.

మూడో ప్రశ్న: ప్రయాణం ఆగిపోతే?

ఆ పథకం కింద తీసుకున్న టికెట్లకు డబ్బు వాపసు లేదు, తేదీల మార్పూ లేదు. మామూలు టికెట్‌కైతే అప్పటి నియమం ప్రకారం బయలుదేరే సమయానికి 48 గంటల ముందే రద్దు చేసుకుంటే స్లీపర్‌లో మనిషికి 120 రూపాయలు పోయి, మిగతాది వెనక్కి వచ్చేది.

మన నలుగురి కుటుంబానికి లెక్క వేద్దాం.

మామూలు టికెట్లు: కట్టేది 3,200. ముందుగా రద్దు చేసుకుంటే పోయేది 8 టికెట్లకు 960.
తగ్గింపు టికెట్లు: కట్టేది 2,920. రద్దయితే పోయేది మొత్తం 2,920.

ప్రయాణం సవ్యంగా సాగితే తగ్గింపు వల్ల మిగిలేది 280. ఆగిపోతే అదనంగా పోయేది 2,920 – 960 = 1,960. ఇప్పుడు ఎనిమిది సెలవుల ప్రయాణాలు ఊహించుకోండి. ఏడు సవ్యంగా జరిగాయి: 7 × 280 = 1,960 లాభం. ఒకటి ఆగిపోయింది: 1,960 నష్టం. లెక్క సున్నా.

అంటే మీ ఇంట్లో ఎనిమిది ప్రయాణాల్లో ఒక్కటి కూడా ఆగిపోదని నమ్మకం ఉంటేనే ఈ తగ్గింపు నిజంగా తగ్గింపు. పిల్లల జ్వరాలు, ఆఫీసులో చివరి నిమిషంలో వచ్చే రిలీజ్‌లు, మారిపోయే పరీక్షల తేదీలు అన్నీ తెలిసినవాళ్లు మీరే. సంభావ్యత పాఠం చదువుకుంటున్న పిల్లలకు నాణెం, పాచికల కన్నా ఇది దగ్గరి ఉదాహరణ. "గత మూడేళ్లలో మనం ఎన్నిసార్లు టికెట్లు రద్దు చేసుకున్నాం?" అని ఇంట్లో ఒకసారి లెక్కపెట్టించండి.

నాలుగో ప్రశ్న: పాస్ అయితే, ఎన్నిసార్లు ఎక్కుతాం?

తగ్గింపు టికెట్ ఒక్క ప్రయాణం మీద కొంత తగ్గిస్తుంది. పాస్ అలా కాదు. ముందు ఒకేసారి పెద్ద మొత్తం కట్టించుకుని, తర్వాత ఎన్నిసార్లయినా తిరగనిస్తుంది. కాబట్టి పాస్ విషయంలో అడగాల్సింది ఒక్కటే: ఎన్నో ప్రయాణం దగ్గర పెట్టిన డబ్బు తిరిగొస్తుంది?

మనకు దగ్గరగా ఉన్నది ఎంఎంటీఎస్. (మెట్రోకూ హైటెక్ సిటీ స్టేషన్ ఉంది, ఎంఎంటీఎస్‌కూ ఉంది. రెండూ ఒకచోట లేవని కొత్తగా వచ్చిన బంధువులకు ముందే చెప్పండి.) ఎంఎంటీఎస్‌లో రైల్వే సీజన్ టికెట్ చెల్లుతుంది. నెల సీజన్ టికెట్ ధర రెండో తరగతిలో సుమారు 15 ఒంటి ప్రయాణాల ఛార్జీ. మూడు నెలలదైతే నెల టికెట్‌కు 2.7 రెట్లు.

ఒక ప్రయాణం 10 రూపాయలు అనుకుంటే నెల పాస్ సుమారు 150. రానూపోనూ కలిపి రోజుకు 20 చొప్పున ఏడున్నర రోజుల్లో డబ్బు తిరిగొస్తుంది. ఎనిమిదో రోజు నుంచి లాభం. కాలేజీకి నెలలో 22 రోజులు వెళ్లే అన్నయ్యకు విడిగా 440 అయ్యేది 150తో సరిపోతుంది. విద్యార్థిగా సీజన్ టికెట్ రాయితీ తీసుకుంటే అందులోనూ సగమే. కానీ వారం రోజులకు ఊరి నుంచి వచ్చి, మూడు రోజులు సికింద్రాబాద్ వైపు వెళ్లివచ్చే బాబాయికి విడిగా 60 రూపాయలే అవుతుంది. ఆయనకు పాస్ కొనిపెడితే మర్యాదే తప్ప లాభం లేదు.

ఈ '15' అన్న అంకె ఎంత విలువైనదో 2014 జూన్‌లో తెలిసింది. సీజన్ టికెట్‌ను 30 ఒంటి ప్రయాణాల ఛార్జీతో లెక్కకడతామని రైల్వే శాఖ ప్రకటించింది. అంటే లాభం మొదలయ్యేది ఎనిమిదో రోజున కాదు, పదహారో రోజున. దేశమంతటా నిరసన రావడంతో కొద్ది రోజుల్లోనే మళ్లీ 15కే తగ్గించారు. టికెట్ రేటు కన్నా లాభం మొదలయ్యే చోటే ముఖ్యమని రోజూ రైలెక్కేవాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

సీజన్ టికెట్‌కు హద్దులున్నాయి. 150 కిలోమీటర్ల లోపు, ఒకే మార్గంలో, రిజర్వేషన్ లేని పెట్టెల్లోనే. లింగంపల్లి నుంచి గౌతమిలో రాజమండ్రి వెళ్లడానికి అది పనికిరాదు. దేశమంతా తిరగడానికి విదేశీయులకు, ప్రవాస భారతీయులకు అమ్మిన ఇండ్‌రైల్ పాస్‌ను కూడా 2017లో ఆపేశారు. కాబట్టి అమెరికా నుంచి సెలవులకు వచ్చే అన్నయ్యలు, అక్కయ్యలు ఆ పాస్ గురించి అడిగితే ఇప్పుడు లేదని చెప్పండి.

మెట్రోలో సెలవు రోజుల ఆఫర్ గుర్తుందా? 2022 ఉగాదికి మొదలైనప్పుడు 59 రూపాయలకు రోజంతా తిరగవచ్చు. అప్పట్లో మెట్రో గరిష్ఠ ఛార్జీ 60. ఒక వైపు 30 రూపాయలు పడే దూరం రానూపోనూ వెళ్లినా డబ్బు తిరిగొచ్చేసినట్టే. మరుసటి ఏడాది అదే ఆఫర్ 99 అయింది. అప్పుడు ఒక వైపు 50 రూపాయల దూరమైతేనే వెళ్లి రావడంతో లాభం. ఆఫర్ పేరు మారలేదు, లాభం మొదలయ్యే చోటు మారింది. పైగా మొదటిసారి ఆ కార్డుకే 50 రూపాయలు. అది మనిషికొకటి. ఆఫర్లు, ఛార్జీలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఇప్పుడేమున్నాయో స్టేషన్ కౌంటర్‌లో అడగండి. లెక్క చేసే పద్ధతి మాత్రం ఇదే.

వేసవికి జపాన్, యూరప్ అనుకుంటున్న కుటుంబాలకూ ఇదే పద్ధతి. ఏడు రోజుల జపాన్ రైల్ పాస్ ధర 29,650 యెన్‌లుగా ఉన్నప్పుడు, టోక్యో నుంచి క్యోటో వెళ్లి రావడానికే ఇంచుమించు 28,000 అయ్యేది. ఇంకొక్క చిన్న ప్రయాణం చేస్తే పాస్ గిట్టుబాటు. 2023 అక్టోబరు 1న ఆ పాస్‌ను 50,000 యెన్‌లకు పెంచారు. ఇప్పుడు టోక్యో, క్యోటో మాత్రమే చూసి వచ్చేవాళ్లకు విడి టికెట్లే చవక. "జపాన్ వెళ్తే పాస్ తప్పనిసరి" అని ఐదేళ్ల కిందట వెళ్లొచ్చిన స్నేహితులు చెబితే అది అప్పటి నిజం. యూరెయిల్ పాస్‌లో ఒక పెద్దవారితో 12 ఏళ్ల లోపు పిల్లలు ఇద్దరి దాకా ఉచితం. చిన్న పిల్లలున్న ఇంటికి అది నిజమైన లాభం. కానీ ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీలలో వేగంగా వెళ్లే రైళ్లకు సీటు రిజర్వేషన్ డబ్బు వేరుగా కట్టాలి. దాన్ని కలపకుండా పోల్చకండి.

ఐదో ప్రశ్న: ఎవరెవరు వెళ్తున్నాం?

పిల్లలు: ఐదేళ్లు నిండని పిల్లలకు విడిగా బెర్త్ అడగకపోతే టికెట్ అక్కర్లేదు. ఐదేళ్లు నిండి 12 నిండని పిల్లలకు స్లీపర్, ఏసీ బెర్తుల్లో రెండు దారులు. విడి బెర్త్ వద్దంటే సగం ఛార్జీ, కావాలంటే పెద్దవాళ్లతో సమానంగా పూర్తి ఛార్జీ. ఇది 2016 ఏప్రిల్ 21 నుంచి ఉన్న నియమం. అంతకు ముందు సగం ఛార్జీకే బెర్త్ ఇచ్చేవారు. మన చిన్నప్పటి 'హాఫ్ టికెట్' వేరు, ఇప్పటిది వేరు.

చైర్ కార్, సెకండ్ సిట్టింగ్‌లలో 'సీటు వద్దు' అనే అవకాశం లేదు, పూర్తి ఛార్జీయే. 2023 సంక్రాంతి నాడు మొదలైన సికింద్రాబాద్–విశాఖపట్నం వందే భారత్ అంతా చైర్ కారే. కాబట్టి దానికీ, రాత్రి పూట నడిచే రైలుకూ పోల్చేటప్పుడు ఎనిమిదేళ్ల పాపకు ఒకచోట సగం, మరోచోట పూర్తి వేయాలి. అలాగే రాత్రంతా ఒకే బెర్త్ మీద అమ్మా, పాపా సర్దుకుంటే మిగిలే డబ్బుకు, మర్నాడు అమ్మ నడుము నొప్పికి మధ్య బేరం మీరే తేల్చుకోవాలి. అన్నింటినీ రూపాయల్లో కొలవలేం.

తాతయ్యలు, అమ్మమ్మలు: 60 దాటిన పురుషులకు 40 శాతం, 58 దాటిన మహిళలకు 50 శాతం ఉండిన రాయితీని 2020 మార్చిలో ఆపేశారు. ఇంకా ఉందనుకుని బడ్జెట్ వేయకండి. బుకింగ్‌లో వారి వయసు సరిగ్గా వేస్తే, ఖాళీ ఉన్నప్పుడు కింది బెర్త్ దొరికే వీలు మాత్రం ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి రాయితీ కన్నా అదే మేలు.

హాస్టల్ పిల్లలు: ఇంటి నుంచి దూరంగా ఉండి చదువుకునే విద్యార్థులు సొంత ఊరికి వెళ్లడానికి స్లీపర్, సెకండ్ క్లాసుల్లో 50 శాతం రాయితీ ఉంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం. దానికి చదువుతున్న సంస్థ ఇచ్చే ధ్రువపత్రం కావాలి. మీ పెద్దబ్బాయో, అమ్మాయో వేరే ఊళ్లో హాస్టల్‌లో ఉంటే వాళ్ల ఆఫీసులో ముందే అడగండి. కుటుంబమంతా కలిసి వెళ్లే విహారయాత్రకు ఇది వర్తించదు.

ఆరో ప్రశ్న: పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు?

ఇది లెక్కల టీచర్ అడగాల్సిన ప్రశ్న కాదేమో. అయినా అడుగుతున్నాను. "టీటీఈ అడిగితే నాలుగేళ్లని చెప్పు." ఈ మాట మనలో చాలామంది చిన్నప్పుడు విన్నదే. కొందరం మన పిల్లలతో అన్నదే. ఐదో పుట్టినరోజుకు కేక్ కోసి నెల కూడా కాని పాప, తన వయసు సగర్వంగా చెప్పుకోవాలనుకునే పాప, ఆ ఒక్క రాత్రికి వయసు దాచుకోవాలి. దానివల్ల మిగిలేది ఒక హాఫ్ టికెట్ డబ్బు. పోయేది ఎంతో లెక్కకట్టే సూత్రం నా దగ్గర లేదు. నియమం చూసి, ఉన్న రాయితీని హక్కుగా తీసుకోవడం తెలివి. లేనిదాన్ని అబద్ధంతో తీసుకోవడం వేరు. ఈ రెండింటి మధ్య గీత పిల్లలకు మొదట కనిపించేది ఇలాంటి చిన్న టికెట్ల దగ్గరే.

చివరికి తేలిందేమిటి?

కూరగాయలు కొన్నాక కొసరు అడుగుతాం. కొసరు బాగా వేస్తున్నాడని మనకు అక్కర్లేని కూర ఎవరం కొనం. టికెట్ దగ్గరా అంతే. ముందు మన ప్రయాణం ఏమిటో కాగితం మీద రాసుకోవాలి: ఎవరు, ఎక్కడికి, ఏ తేదీల్లో, ఎన్నిసార్లు, ఆగిపోయే వీలెంత. ఆ తర్వాతే పాస్‌నో, తగ్గింపునో దాని పక్కన పెట్టి చూడాలి. కొసరు కోసం అసలును మార్చుకోవద్దు. మూడు, నాలుగు రోజుల ప్రయాణానికి సాధారణంగా పెద్ద తగ్గింపు ఇంకెక్కడో లేదు. టికెట్ ముందుగా తీసుకోవడంలోనే ఉంది. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటోంది. అంతకు ముందు 120 రోజులుండేది. పాత అలవాటుతో ఉన్నవాళ్లు క్యాలెండర్‌లో ఆ తేదీ మార్చుకోండి.

ఇంట్లో పిల్లలతో చేయించండి

1. స్లీపర్‌లో తత్కాల్ అదనపు ఛార్జీ మూల ఛార్జీలో 30 శాతం. కానీ 100 రూపాయలకు తగ్గదు, 200 మించదు. మూల ఛార్జీ 250, 350, 800 అయితే తత్కాల్ ఎంతెంత?

2. నెల సీజన్ టికెట్ 150, మూడు నెలలది దానికి 2.7 రెట్లు. మార్చి, ఏప్రిల్, మే నెలలకు పాస్ కావాలి. కానీ మే అంతా సెలవులు. ఏది మేలు?

3. 59 రూపాయల మెట్రో ఆఫర్, కొత్త కార్డుకు 50. నలుగురు ఒక్కరోజు మాత్రమే తిరిగారు. ఒక్కొక్కరికి విడి టికెట్లతో ఆ రోజు 90 అయ్యేది. లాభమా, నష్టమా? ఇంకొక సెలవు రోజు కూడా అలాగే తిరిగి ఉంటే?

జవాబులు: 1) 250కి 30 శాతం 75, కాబట్టి కనీసం 100 కట్టాలి. 350కి 105. 800కి 240, కాబట్టి గరిష్ఠం 200. 2) మూడు నెలల పాస్ 405. రెండు నెలలు విడిగా తీసుకుంటే 300. విడిగానే మేలు, 105 మిగులుతుంది. 3) మొదటి రోజు ఆఫర్‌తో 4 × 109 = 436, విడిగా 360. 76 నష్టం. రెండు రోజులైతే ఆఫర్‌తో 436 + 236 = 672, విడిగా 720. 48 లాభం.

ఈసారి టికెట్లు తీసుకునేటప్పుడు ఫోన్‌ను ఐదు నిమిషాలు పక్కన పెట్టి, ఒక కాగితం, పెన్సిల్ పిల్లల చేతికివ్వండి. వాళ్లు వేసిన లెక్క కాగితాన్ని స్కూల్ డైరీలో పెట్టి పంపండి. మీ లెక్కలో మా లెక్క తప్పని తేలితే మరీ సంతోషం. తరగతిలో దాన్నే బోర్డు మీద రాస్తాం.

అందరికీ క్షేమ ప్రయాణం, సంక్రాంతి శుభాకాంక్షలు.

— గణిత విభాగం, కొండాపూర్ క్యాంపస్